శ్లాబు వేడి గదిలోకి దిగకుండా ఆపడం ఎలా: కొలత నుంచి పైపూత దాకా

మార్చి నెల రాగానే పై అంతస్తులో ఉండేవాళ్లు అడిగే ప్రశ్న ఒకటే: "డాబా మీద ఏం వేయిస్తే గది చల్లబడుతుంది?" ఒకరు పెయింటు అంటారు, ఇంకొకరు కడప బండలు అంటారు, మేస్త్రీ ఇటుక ముక్కల కాంక్రీటు అంటాడు. డబ్బు ఖర్చయ్యాక తేడా తెలియకపోతే ఆ బాధ వేసవంతా ఉంటుంది.

ఏది వేయించాలన్నది పేరు చూసి తేల్చేది కాదు. ఆ పదార్థం వేడిని ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె ఉంది. దాన్ని పట్టుకుని చిన్న లెక్క వేస్తే చాలావరకు అక్కడే తేలిపోతుంది. శ్లాబు మీద బరువు పెంచడం వేరు, వేడికి అడ్డం పెంచడం వేరు. ఈ రెంటినీ కలిపేసుకోవడం వల్లే ఎక్కువ డబ్బు వృథా అవుతోంది.

ఇది ఆర్‌సీసీ శ్లాబు ఉన్న ఇళ్ల కోసం రాసింది. రేకుల ఇళ్ల గురించి చివర్లో కొంచెం ఉంది.

## 1. వేడి ఏ దారిన దిగుతుందో తెలుసుకోండి

ఎండ తగలగానే శ్లాబు పైపొరలోని అణువులు ఎక్కువగా కంపిస్తాయి. ఆ కంపనం పక్క అణువుకు, అక్కడి నుంచి కింది అణువుకు అందుతుంది. పదార్థం కదలదు, వేడి మాత్రం దిగుతుంది. ఇదే ఉష్ణవహనం. లోహాల్లో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు కూడా వేడిని మోస్తాయి కాబట్టి అక్కడ ఈ పని చాలా త్వరగా జరుగుతుంది.

ఎంత వేడి దిగుతుందో చెప్పే సూత్రం తేలికే:

వేడి ప్రవాహం = ఉష్ణ వాహకత × విస్తీర్ణం × పైకీ కిందికీ ఉష్ణోగ్రత తేడా ÷ మందం

ఇల్లు కట్టేశాక విస్తీర్ణం మార్చలేం. మిగిలినవి రెండే దారులు. పైభాగం అంతగా కాలకుండా చూసి ఉష్ణోగ్రత తేడా తగ్గించడం ఒకటి. తక్కువ వాహకత ఉన్న పొర వేసి అడ్డం పెంచడం రెండోది. మార్కెట్లో దొరికే ప్రతి పెయింటూ, షీటూ, టైలూ ఈ రెంటిలో ఏదో ఒక పని చేయాలి. ఏదీ చేయకపోతే దాన్ని కొనకండి.

వాహకత విలువలు సుమారుగా ఇలా ఉంటాయి (మీటరుకు, డిగ్రీకి వాట్లలో):

- రాగి: 400
- మామూలు స్టీలు: 50
- ఆర్‌సీసీ: 1.58
- ఇటుక: 0.8
- నీరు: 0.6
- జిప్సం బోర్డు: 0.16 నుంచి 0.25
- థర్మోకోల్: 0.035 నుంచి 0.04
- ఎక్స్‌పీఎస్ బోర్డు (గట్టి ఫోము పలక): 0.03
- పీయూ (పాలీయురేథేన్) ఫోమ్: 0.025
- కదలకుండా ఉన్న గాలి: 0.026

ఇందులో గాలిని, నీటిని పక్కపక్కన పెట్టి చూడండి. థర్మోకోల్, ఎక్స్‌పీఎస్ లాంటివి వేడిని ఆపేది వాటిలో చిక్కుకున్న గాలి లేదా వాయువు వల్లే. ఆ చోట్లోకి నీరు చేరితే అక్కడ వాహకత 20 రెట్లకు పైగా పెరుగుతుంది. తడిసిన ఇన్సులేషన్ ఉన్నా లేనట్టే. డాబా మీద నీరు నిలవకుండా, దిగకుండా ముందే చూసుకోవాలనేది ఇందుకే.

ఇంకో సంగతి, సమయం. 5 అంగుళాల శ్లాబు చదరపు మీటరుకు దాదాపు 300 కిలోలు ఉంటుంది. అది 20 డిగ్రీలు వేడెక్కితే చదరపు మీటరుకు సుమారు 5,300 కిలోజౌళ్లు దాచుకుంటుంది, అంటే ఒకటిన్నర యూనిట్ల కరెంటుకు దగ్గర. పైన తగిలిన వేడి కిందికి చేరడానికి 3 నుంచి 4 గంటలు పడుతుంది. మధ్యాహ్నం రెండింటి ఎండ సాయంత్రం ఆరింటికి సీలింగులో తెలుస్తుంది. బయట గాలి చల్లబడ్డాక కూడా ఫ్యాను వేడిగాలే కొట్టడానికి కారణం ఇదే.

## 2. ముందు కొలవండి: వేడి డాబా నుంచా, పడమటి గోడ నుంచా?

చేత్తో తాకి నిర్ణయించకండి. ఒకే ఉష్ణోగ్రతలో ఉన్న ఇనుప గేటు, చెక్క తలుపు తాకితే ఇనుమే ఎక్కువ కాలుతుంది. చెయ్యి చెప్పేది ఉష్ణోగ్రత కాదు, చర్మంలోకి వేడి ఎంత వేగంగా ఎక్కుతోందో అది.

గురిపెట్టి నొక్కితే అంకె చూపించే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఒకటి చాలు. సిమెంటు, పెయింటు వేసిన గోడలకు బాగానే పనిచేస్తుంది. మెరిసే లోహాలకు తప్పు చూపిస్తుంది, అక్కడ నల్ల టేపు ముక్క అంటించి ఆ టేపు మీద కొలవాలి.

కొలిచే పద్ధతి:

- [ ] మబ్బు లేని రోజు చూసుకోండి
- [ ] ఉదయం 6, మధ్యాహ్నం 12, 3, సాయంత్రం 6, రాత్రి 9 గంటలకు రాయండి
- [ ] సీలింగు మధ్యలో, మూలల్లో, బీము కింద కొలవండి
- [ ] నాలుగు గోడలనూ మనిషి ఎత్తులో కొలవండి
- [ ] గది గాలికి విడిగా మామూలు థర్మామీటర్ వేలాడదీయండి
- [ ] మధ్యాహ్నం డాబా పైభాగాన్ని కూడా కొలవండి

సాయంత్రం సీలింగు, గది గాలి కంటే నాలుగైదు డిగ్రీలు ఎక్కువుంటే దోషం డాబాదే. పడమటి గోడ సీలింగు కంటే వేడిగా ఉంటే ముందు దానికి నీడ కల్పించండి. డాబా మీద ఎంత పోసినా ఆ గోడ వేడి పోదు.

## 3. మీ ఇంటి లెక్క వేయండి

ప్రతి పొరకూ అడ్డం విలువ ఉంటుంది: మందం (మీటర్లలో) ÷ వాహకత. పొరల విలువలన్నీ కూడాలి. సీలింగు కింద అంటుకుని ఉండే పలుచని గాలిపొరకు 0.17 కలపాలి.

ఉదాహరణకు 600 చదరపు అడుగుల డాబా తీసుకుందాం. అంటే సుమారు 55.7 చదరపు మీటర్లు.

- 125 మి.మీ. ఆర్‌సీసీ: 0.125 ÷ 1.58 = 0.079
- 12 మి.మీ. సీలింగు ప్లాస్టరు: 0.017
- కింది గాలిపొర: 0.17
- మొత్తం: 0.266

శ్లాబు కంటే కింది గాలిపొర అడ్డమే రెట్టింపు ఉంది చూడండి. అంత మందపు కాంక్రీటు వేడి విషయంలో తెరిచిన తలుపు లాంటిదే.

డాబా పైన 60 డిగ్రీలు, గదిలో 35 డిగ్రీలు ఉన్నాయనుకుందాం. 25 ÷ 0.266 = చదరపు మీటరుకు 94 వాట్లు. మొత్తం డాబాకు సుమారు 5.2 కిలోవాట్లు. ఒక టన్ను ఏసీ తీసేసే వేడి 3.5 కిలోవాట్లే. ఆ ఎండ అలాగే కొనసాగితే ఒకటిన్నర టన్నుల ఏసీ శ్లాబుకే సరిపోతుందన్నమాట. నిజానికి ఉష్ణోగ్రత గంటగంటకూ మారుతుంది కాబట్టి ఇది స్థిరస్థితి (ఉష్ణోగ్రతలు మారకుండా ఉంటాయనుకునే) అంచనా మాత్రమే. ఒక పద్ధతిని ఇంకో పద్ధతితో పోల్చడానికి ఈ అంచనా చాలు.

ఇప్పుడు అదే డాబా మీద ఒక్కొక్కటీ వేసి చూద్దాం:

- 100 మి.మీ. ఇటుక ముక్కల కాంక్రీటు: అడ్డం 0.125 పెరుగుతుంది. ప్రవాహం 64 వాట్లకు తగ్గుతుంది. కానీ చదరపు మీటరుకు 180 కిలోల దాకా బరువు పడుతుంది, మొత్తం దాదాపు 10 టన్నులు.
- 20 మి.మీ. కడప లేదా తాండూరు బండలు: అడ్డం 0.015 దగ్గర. వేడి విషయంలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. నల్ల బండలైతే పైభాగం ఇంకా ఎక్కువ కాలుతుంది.
- తెల్ల రిఫ్లెక్టివ్ పూత (ఎండను తిప్పికొట్టే పెయింటు): అడ్డం పెరగదు. పైభాగం 60 నుంచి 45కి దిగిందనుకుంటే ప్రవాహం 38 వాట్లు.
- 25 మి.మీ. ఎక్స్‌పీఎస్: 23 వాట్లు. బోర్డు బరువు చదరపు మీటరుకు కిలో కూడా ఉండదు.
- 50 మి.మీ. ఎక్స్‌పీఎస్: 13 వాట్లు. డాబా మొత్తానికి 5.2 బదులు 0.72 కిలోవాట్లు.
- 50 మి.మీ. ఎక్స్‌పీఎస్‌తో పాటు తెల్ల పైపూత: 5 వాట్ల దగ్గర.

50 దాటి 100 మి.మీ. వేస్తే? ప్రవాహం 13 నుంచి 7కి దిగుతుంది. మొదటి 50 మి.మీ. 81 వాట్లు ఆపింది, రెండో 50 ఆపేది ఆరే. మామూలు ఇళ్లకు 50 దగ్గర ఆగడమే మంచిదని నా అభిప్రాయం.

ప్రామాణికంగా చూసుకోవాలంటే, ఇళ్లకు ఇంధన పొదుపు నియమాలు చెప్పే ఎకో నివాస్ సంహిత 2018 ప్రకారం ఇళ్ల పైకప్పు యూ విలువ (1 ÷ మొత్తం అడ్డం) 1.2 దాటకూడదు. పైగాలి పొరకు 0.04 కలిపి లెక్కిస్తే ఉత్త శ్లాబుది 3.3 వస్తుంది. 25 మి.మీ. ఎక్స్‌పీఎస్ వేస్తే 0.88కి దిగుతుంది.

## 4. మీకు ఏది సరిపోతుంది?

బడ్జెట్ తక్కువ, ఏసీ లేదు అంటే తెల్ల పూతతో మొదలుపెట్టండి. రాత్రి ఆకాశంలోకి శ్లాబు చల్లబడే అవకాశం కూడా అలాగే ఉంటుంది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు కూల్ రూఫ్ (ఎండ వేడిని తక్కువ పీల్చే పైకప్పు) ఉండాలని తెలంగాణ ప్రభుత్వం 2023-28 కూల్ రూఫ్ పాలసీలో పెట్టింది కూడా ఇలాంటి పద్ధతుల కోసమే. సున్నం పూసినా పనిచేస్తుంది, వానలకు కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా వేసుకోవాలి.

ఏసీ వాడే ఇల్లయితే ఎక్స్‌పీఎస్, దాని మీద లేత రంగు పైపొర. ఖర్చు ఎక్కువే, కానీ లెక్క మీరే చూశారు.

ఇన్సులేషన్ వేశాక గదిలో పుట్టే వేడి కూడా పైకి పోదు. వంటగది, టీవీ, మనుషుల వేడి బయటికి వెళ్లాలంటే రాత్రి కిటికీలు ఎదురెదురుగా తెరవాలి.

## 5. పని మొదలయ్యే ముందు

సంక్రాంతి దాటాక మొదలుపెట్టి శివరాత్రి లోపు కాంక్రీటు దాకా ముగించేలా చూసుకోండి. అప్పటికి శ్లాబు ఎండి ఉంటుంది, మేస్త్రీలు దొరుకుతారు, ఎండలు ముదరవు.

- [ ] పాత ఇల్లయితే స్ట్రక్చరల్ ఇంజనీరుకు శ్లాబు చూపించండి. బోర్డు తేలికే గానీ దానిపై వేసే 2 అంగుళాల కాంక్రీటు చదరపు మీటరుకు 100 కిలోలు దాటుతుంది
- [ ] డాబా 4 అంగుళాల దాకా ఎత్తు పెరుగుతుంది. మెట్ల గది గడప దాటి నీళ్లు లోపలికి రావు కదా?
- [ ] పిట్టగోడ కూడా అంతే పొట్టిదవుతుంది. పిల్లలున్న ఇంట్లో దాన్ని ముందే పెంచాలి
- [ ] వాన నీటి పైపు మూతి కొత్త మట్టం కంటే కిందే ఉండాలి
- [ ] వాటర్ ట్యాంకు, సోలార్ స్టాండు, డిష్ ఎక్కడ బిగించాలో ముందే తేల్చండి
- [ ] బోర్డు కొనేటప్పుడు డెన్సిటీ, మందం, వాహకత మూడూ బిల్లు మీద రాయించుకోండి. డెన్సిటీ ఘనపు మీటరుకు 32 కిలోలకు తగ్గకూడదు

## 6. డాబా మీద పని, క్రమం తప్పకుండా

6.1 శుభ్రం, బీటలు. వదులైన పాత గచ్చు తీసేయాలి. బీటలు సన్నగా ఉన్నా వి ఆకారంలో కొంచెం తెరిచి, పాలిమర్ కలిపిన మోర్టారుతో నింపాలి. పైపైన పూస్తే ఒక్క ఎండాకాలంలో మళ్లీ తెరుచుకుంటుంది.

6.2 వాలు. 100కి 1 ఉండాలి, అంటే పది అడుగులకు అంగుళంపావు. బకెట్ నీళ్లు పోసి ఎటు పోతున్నాయో మీరే నిలబడి చూడండి. పిట్టగోడ కలిసే మూలను గుండ్రంగా తిప్పించండి. నీరు దిగేది ఎక్కువగా అక్కడే.

6.3 వాటర్‌ప్రూఫింగ్. రెండు పూతలు, ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా. పిట్టగోడ మీదికి ఒక అడుగు ఎక్కించాలి.

6.4 నీళ్లు నిలగట్టే పరీక్ష. పైపులు మూసి అంగుళం, రెండు అంగుళాల నీళ్లు 48 గంటలు ఉంచండి. కింద సీలింగు మీద చెమ్మ మచ్చ వస్తే ఆగి సరిచేయాలి. "పైన ఎలాగూ కాంక్రీటు వేస్తాం కదా" అని మేస్త్రీ తొందరపెట్టినా ఈ మెట్టు వదలొద్దు. తర్వాత లీకు వస్తే అంతా పగలగొట్టాల్సిందే.

6.5 బోర్డులు. ఒక్క 50 మి.మీ. పొర కంటే రెండు 25 మి.మీ. పొరలు మేలు. పై పొర అతుకులు కింది పొర అతుకుల మీద పడకుండా జరిపి వేయించండి. అతుకుల్లో ఖాళీ ఉంటే అక్కడ మోర్టారు దిగి, వేడికి నేరుగా దారి అవుతుంది. అతుకులకు టేపు వేయాలి. సాల్వెంట్ ఉన్న జిగురు, కాగే తారు వాడొద్దు, బోర్డు కరిగిపోతుంది. బోర్డులను ఎండలో రోజుల తరబడి వదిలేసినా పాడవుతాయి. ఏ రోజు పరిచినవి ఆ రోజే కప్పేలా పని సాగాలి.

6.6 పిట్టగోడ మొదలు. చాలామంది వదిలేసే చోటు ఇది. డాబా అంతా కప్పి గోడ మొదలు వదిలేస్తే వేడి గోడలోంచి శ్లాబు అంచుకు చేరుతుంది. సీలింగు మూలలు మాత్రం వేడిగా ఉన్నాయంటే కారణం ఇదే. గోడ లోపలి వైపు అడుగు ఎత్తు దాకా సన్నని బోర్డు ఎక్కించి ప్లాస్టరు చేయించండి.

6.7 జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీటిని వదిలే సింథటిక్ గుడ్డ), కాంక్రీటు. బోర్డు మీద గుడ్డ పరిచి, మెష్ (తీగల జాలీ) పెట్టి 50 మి.మీ. కాంక్రీటు వేయాలి. సుమారు పది అడుగులకో జాయింటు వదలాలి. ఈ పొర కింద ఇన్సులేషన్ ఉంది కాబట్టి ఎండకు ఇది మామూలు కంటే ఎక్కువ కాలుతుంది, ఎక్కువ సాగుతుంది. జాయింటు లేకపోతే పగుళ్లు ఖాయం.

6.8 క్యూరింగ్, పైపొర. కనీసం వారం రోజులు తడపాలి. మూడు, నాలుగు వారాలు ఆరాక తెల్ల టైల్సో, రిఫ్లెక్టివ్ పూతో వేయించండి.

## 7. అపార్ట్‌మెంటులో పైన వేసే వీలు లేకపోతే

ముందు అసోసియేషన్‌ను అడగండి. తెల్ల పూతకు సాధారణంగా ఒప్పుకుంటారు, అదే సగానికి పైగా మేలు చేస్తుంది.

అది కాకపోతే లోపలి నుంచి: సీలింగు కింద 50 మి.మీ. రాక్‌వూల్ (రాతి నారల దూది) లేదా ఎక్స్‌పీఎస్, దాని కింద జిప్సం బోర్డు. ఫోమును తెరిచి వదలొద్దు, నిప్పంటుకుంటే ప్రమాదం. ఎల్‌ఈడీ లైట్ల డ్రైవర్ల (లైటుకు కరెంటు సర్దే చిన్న పెట్టెల) మీద ఇన్సులేషన్ కప్పొద్దు.

ఉత్త ఫాల్స్ సీలింగు అడ్డం తక్కువే. 12 మి.మీ. జిప్సం బోర్డుకు 0.05 నుంచి 0.075 వస్తుంది, మధ్యనున్న గాలికి ఇంకొంచెం. అందం కోసమైతే సరే.

పొరల విలువలు కూడేటప్పుడు పైనా కిందా తేడా రాదు. తేడా వచ్చేది దాచుకునే వేడిలో. పైన వేస్తే శ్లాబే వేడెక్కదు. కింద వేస్తే శ్లాబు కాలుతూనే ఉంటుంది, సాగి ముడుచుకుంటూనే ఉంటుంది, గదిలోకి మాత్రం తక్కువ దిగుతుంది. వీలుంటే పైనే వేయించండి.

## 8. తరచూ జరిగే తప్పులు, సర్దుబాట్లు

మెరిసే ఫాయిల్ షీటును కాంక్రీటులో పాతేయడం. ఫాయిల్ పనిచేయాలంటే దాని ముందు గాలి ఖాళీ ఉండాలి. రెండు ఘన పొరల మధ్య నలిగితే అది పలుచని అల్యూమినియం రేకు మాత్రమే, వేడి నేరుగా దాటిపోతుంది. సర్దుబాటు: ఫాల్స్ సీలింగు పైన, ఖాళీ వైపు మెరుపు ఉండేలా పెట్టండి.

ఇన్సులేషన్ గుండా ఇనుప బోల్టులు దించడం. స్టీలు వాహకత ఆర్‌సీసీకి 30 రెట్లు. పైగా ప్రతి రంధ్రం నీటికి దారి. సర్దుబాటు: స్టాండును కాంక్రీటు దిమ్మకు బిగించి, దిమ్మను పైపొర మీద నిలపండి.

మురికి పట్టిన తెల్ల పూత. దుమ్ము పేరుకుంటే ఎండను పీల్చుకుంటుంది. సర్దుబాటు: ఫిబ్రవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి చీపురుతో రుద్ది కడగండి.

మధ్యాహ్నం కాలే శ్లాబు మీద నీళ్లు కొట్టడం. ఒక్కసారిగా చల్లబడితే సన్న బీటలు వస్తాయి. సర్దుబాటు: ఎండ వాలాక పలుచగా చల్లండి. ఒక లీటరు ఆవిరైతే దాదాపు 2,400 కిలోజౌళ్లు తీసుకుపోతుంది, కాబట్టి చదరపు మీటరుకు రెండు లీటర్లు చాలు. నిలవగట్టనక్కర్లేదు.

## 9. రేకుల ఇళ్లకు

అర మిల్లీమీటరు ఇనుప రేకుకు అడ్డం దాదాపు సున్నా, ఆలస్యం కూడా ఉండదు. ఎండ తగిలిన నిమిషాల్లో గది కాలుతుంది. ఇక్కడ ముందు తెల్ల పూత, తర్వాత లోపల గాలి ఖాళీ వదిలి ఇన్సులేషన్ ఉన్న సీలింగు, పైన వేడి గాలి పోయే కంతలు. పాత ఆస్‌బెస్టాస్ రేకులను కోయొద్దు, రంధ్రాలు చేయొద్దు, రుద్దొద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం.

## 10. పని అయ్యాక సరిచూసుకోండి

- [ ] రెండో సెక్షన్‌లో కొలిచిన చోట్లే, ఆ గంటలకే, అలాంటి ఎండ ఉన్న రోజే కొలవండి
- [ ] సాయంత్రం 6కి సీలింగుకూ గది గాలికీ తేడా రెండు డిగ్రీల లోపు ఉందా?
- [ ] మధ్యలో చల్లగా, మూలల్లో వేడిగా ఉంటే పిట్టగోడ మొదలు చూడండి
- [ ] ఒక్క చోటే వేడిగా ఉంటే అక్కడ అతుకు తెరుచుకుందో, తడి చేరిందో చూడండి
- [ ] మొదటి వానాకాలం దాటాక మళ్లీ కొలవండి. వేసవిలో బాగుండి, వానల తర్వాత అంకెలు పెరిగితే బోర్డులోకి నీరు దిగినట్టే. ఆ చోట పైపొర తీసి, వాటర్‌ప్రూఫింగ్ సరిచేసి, కొత్త బోర్డు వేయించండి